పాడి ఇంట వారం వంట: ముందు ఇంటి గిన్నె, తరువాత పాల క్యాను
(సంఘ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఇటువంటి తరగతులలో మనం సాధారణంగా పచ్చిమేత గురించి, దాణా గురించి, గాలికుంటు టీకాల గురించి, పొదుగువాపు గురించి మాట్లాడుకుంటాం. ఈ రోజు మేము వంటింటి గురించి నాలుగు మాటలు చెప్పదలచుకున్నాం. పాల సంఘానికీ వంటింటికీ ఏమిటి సంబంధం అని కొందరికి అనిపించవచ్చు. సంబంధం ఉన్నది. గేదెకు ఏ పూట ఏమి పెట్టాలో, ఎంత పెట్టాలో మన దగ్గర లెక్క ఉన్నది. పాలిచ్చే పశువుకు మేత తగ్గితే రెండు మూడు రోజులలోనే పాలు తగ్గుతాయి. కేంద్రంలో ఇచ్చే చీటీ మీద కనబడుతుంది. కాని ఇంట్లో మనిషికి సరైన తిండి తగ్గితే ఏ చీటీ మీదా కనబడదు. నెలలు గడిచిన తరువాత పిల్లవాడు సన్నబడినప్పుడో, తల్లికి నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం వచ్చినప్పుడో తెలుస్తుంది. అప్పటికి ఆలస్యం అవుతుంది.

2019–21 సంవత్సరాలలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15 నుండి 49 సంవత్సరాల వయసు గల స్త్రీలలో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58.8 మంది, తెలంగాణలో 57.6 మంది. అయిదేళ్ళ లోపు పిల్లలలో ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం, తెలంగాణలో 70 శాతం. ఈ లెక్కలో పాడి ఉన్న ఇళ్ళు, లేని ఇళ్ళు అన్నీ కలిసే ఉన్నాయి. చావిట్లో గేదె కట్టేసి ఉన్నంత మాత్రాన మన ఇల్లు ఈ లెక్కకు బయట ఉన్నదని అనుకోవడానికి వీలులేదు.

1970లో ఆపరేషన్ ఫ్లడ్ పథకం ప్రారంభమైన నాటి నుండి మన దేశంలో పల్లె పాలు పట్నం చేరడానికి ఒక బాట ఏర్పడింది. 1996లో ఆ పథకం ముగిసినా బాట మిగిలింది. పాలు పోస్తే డబ్బు చేతికి వస్తుందన్న ధైర్యం చిన్న రైతుకు, కూలీ కుటుంబానికి కలిగింది. ఇది చాలా గొప్ప మేలు. అయితే సంఘం పుస్తకంలో మనం పోసిన లీటర్లు ఎక్కుతాయే గాని, ఇంట్లో పిల్లలు తాగిన పాలు ఎక్కవు. పుస్తకంలో ఎక్కనిది క్రమంగా మన లెక్కలో నుండి కూడా జారిపోతుంది. ఆ లెక్కను ఇంట్లో మనమే పెట్టుకోవాలని చెప్పడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

పని ఎక్కువ, తీరిక తక్కువ

పాడి ఉన్న ఇంటి ఇల్లాలి రోజు ఎలా గడుస్తుందో మీకు మేము చెప్పనక్కరలేదు. తెల్లవారక ముందే లేవాలి. పేడ ఎత్తి, చావిడి ఊడ్చి, కుడితి పెట్టి, పాలు పితికి, కేంద్రం మూయకముందే పోసి రావాలి. వచ్చేసరికి పిల్లల బడి వేళ అవుతుంది. తరువాత పొలం పనో, కూలి పనో, గడ్డి కోతో ఉంటుంది. సాయంత్రం మళ్ళీ పాలు, మళ్ళీ కేంద్రం. ఈ మధ్యలో మూడు పూటలా వంట జరగాలి.

ఇన్ని పనులలో వంట చేసే శ్రమ కంటె, “ఈ పూట ఏమి వండాలి” అనే ఆలోచనే ఎక్కువ అలసట కలిగిస్తుంది. పొయ్యి వెలిగించాక ఆలోచిస్తే చేతికి అందినదే వండుతాం. నాలుగు పూటలు వరుసగా పచ్చడి, చారు, వేపుడుతో గడిచిపోతాయి. పప్పు ఉన్నా నానబెట్టలేదు గనుక వండలేం. ఆకుకూర తెచ్చినా మూడో రోజుకు వాడిపోయి గేదెకు పోతుంది. పిల్లలు ఆకలి అంటే దుకాణంలో అయిదు రూపాయల పొట్లం కొనిస్తాం. ఇందులో ఎవరి తప్పూ లేదు. ముందుగా నిర్ణయించుకోకపోవడం ఒక్కటే లోపం.

వారానికి ఒక్కసారి, ఒక అరగంట కూర్చుని నిర్ణయించుకుంటే ఈ తొందర చాలావరకు తగ్గుతుంది. దానికి చదువు అక్కరలేదు. బడికి వెళ్ళే పిల్ల చేత ఒక పాత నోటు పుస్తకంలో ఏడు వరుసలు వ్రాయిస్తే చాలు. ఆ అరగంటలో ఏమేమి నిర్ణయించుకోవాలో ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటి నిర్ణయం: ఇంటి పాలు ఎన్ని

చాలా ఇళ్ళలో జరిగేది ఇది. ముందు క్యాను నింపుతారు. అడుగున మిగిలినవి టీకి ఉంచుతారు. సంక్రాంతికో, అప్పు వాయిదాకో డబ్బు అవసరమైతే ఆ మిగిలినవి కూడా క్యానులోకి వెళతాయి. ఈ వరుసను తిరగవేయమని మేము కోరుతున్నాం. ముందు ఇంటి గిన్నె, తరువాత పాల క్యాను.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ సూచన ప్రకారం, 2000 కేలరీల ఆహారం తీసుకునే పెద్దవారికి రోజుకు 300 మిల్లీలీటర్ల పాలు లేదా పెరుగు ఉండాలి. తల్లి, తండ్రి, అవ్వ, ఇద్దరు పిల్లలు ఉన్న ఇంటికి రోజుకు లీటరున్నర అవుతుంది. ఇందులోనే పిల్లల పాలు, పెరుగు, మజ్జిగ, టీ పాలు అన్నీ కలిసి ఉంటాయి.

రోజుకు ఎనిమిది లీటర్లు వచ్చే ఇంట్లో లీటరున్నర తీయడం కష్టం కాదు. ఒక్క ఆవు మీద మూడు లీటర్లు వచ్చే ఇంట్లో అంత తీయమంటే కుదరదు. అటువంటి ఇంట్లో కనీసం అర లీటరైనా విడవకుండా తీయండి. దానిని ఎవరికి ఇవ్వాలో వరుస ముందే పెట్టుకోండి: మొదట గర్భిణి లేదా పాలిచ్చే తల్లి, తరువాత ఎదిగే పిల్లలు, తరువాత ముసలివారు, చివర టీ. ఇప్పుడు చాలా ఇళ్ళలో ఈ వరుస తలకిందులుగా ఉన్నది.

ఒక లెక్క వేసి చూద్దాం. లీటరుకు 50 రూపాయలు వస్తున్నవని అనుకుందాం. రోజుకు లీటరున్నర చొప్పున వారానికి పదిన్నర లీటర్లు. అంటే వారానికి 525 రూపాయల పాలు ఇంట్లో వాడుకున్నట్లు. ఈ అంకె చూస్తే గుండె జలదరించవచ్చు. కాని ఇవే పాలు పొట్లంగా కొంటే మనకు వచ్చిన ధర కంటె ఎక్కువ పెట్టాలి. మరొక వైపు, ఇద్దరు పిల్లలకు రోజుకు రెండేసి అయిదు రూపాయల పొట్లాలు కొంటే వారానికి 140 రూపాయలు. దానితో పిల్లలకు దక్కేది ఉప్పు, నూనె, చక్కెర. లీటరున్నరకు పూర్తిగా ఇది సరిపడుతుందని మేము అనడం లేదు. మిగతాది మన ఇంటివారి ఒంటికి పెట్టిన పెట్టుబడి. దాణాకు పెట్టే డబ్బును మనం నష్టం అనుకోవడం లేదు కదా!

ఇంకొక మాట. కొందరు కేంద్రంలో తిరగకొట్టిన పాలనే ఇంటి పాలుగా వాడుతుంటారు. ఇంటి వాటా మొదటనే తీసి, వెంటనే కాచి, మూత పెట్టి ఉంచాలి. పొదుగువాపుకు మందు వేసిన పశువు పాలు, వైద్యుడు చెప్పిన గడువు దాటేవరకు కేంద్రానికీ పనికిరావు, ఇంటికీ పనికిరావు. ఆరు నెలలు నిండని పసిబిడ్డకు తల్లిపాలు తప్ప గేదె పాలు గాని, ఆవు పాలు గాని పట్టరాదు. ఈనిన తరువాత వచ్చే జున్నుపాలు మొదట దూడవి. దూడ కడుపునిండా తాగిన తరువాతనే మన జున్ను.

వెన్న తీసి నెయ్యి కాచుకునే ఇళ్ళలో మజ్జిగను చులకనగా చూడవద్దు. వెన్న పోయినా మాంసకృత్తులు, కాల్షియం మజ్జిగలో ఉంటాయి. అయితే గ్లాసు పెరుగును చెంబెడు నీళ్ళలో కలిపి అందరికీ పంచితే ఒక్కొక్కరికి దక్కేది నీళ్ళే. చిక్కటి మజ్జిగ ఒక గ్లాసు పిల్లవాడికి, పలచటి మజ్జిగ దాహానికి అని విడదీసుకోండి.

రెండవ నిర్ణయం: పాల బిల్లుతో పప్పు డబ్బా

మన సంఘాలలో కొన్నిచోట్ల పది రోజులకు, కొన్నిచోట్ల పదిహేను రోజులకు పాల డబ్బు వస్తున్నది. ఇప్పుడు చాలాచోట్ల బ్యాంకు ఖాతాలో నేరుగా పడుతున్నది. దాణా బాకీ, అప్పు వాయిదా పోగా మిగిలిన దానిని ఏ వస్తువుకు ఆ వస్తువు చిల్లరగా ఖర్చు పెడితే, వారం తిరగకముందే కందిపప్పు అయిపోయి పచ్చడి మెతుకులు మొదలవుతాయి.

కావున బిల్లు వచ్చిన రోజుననే, తరువాతి బిల్లు వరకు కావలసిన పప్పులు, నూనె, పల్లీలు, ఉల్లిపాయలు ఒకేసారి తెచ్చి డబ్బాలలో పోసుకోండి. ఎంత తేవాలి? పోషకాహార సంస్థ లెక్కలో పెద్దవారికి రోజుకు పప్పులు, గుడ్లు, మాంసం, చేప అన్నీ కలిపి 85 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పల్లీలు, నువ్వులు వంటివి 35 గ్రాములు, నూనె, నెయ్యి 27 గ్రాములు, బియ్యం, జొన్న, రాగి వంటి ధాన్యాలు 250 గ్రాములు. పొలంలో వంగి పని చేసేవారికి ఇంతకంటె ఎక్కువ కావాలి. చిన్నపిల్లలకు తక్కువ చాలు. అయిదుగురు ఉన్న మన ఇంటికి వారానికి పప్పు దినుసులు, గుడ్లు, మాంసం కలిపి రెండున్నర కిలోలకు తక్కువ కాకుండా చూసుకోవాలి. ఇంట్లో ఇప్పుడు ఎంత వాడుతున్నామో ఒక్కసారి తూచి చూడండి. బియ్యం ఎక్కువ, పప్పు తక్కువ అని మీకే తెలుస్తుంది.

పప్పు అంటే కందిపప్పు ఒక్కటే కాదు. పెసలు, శనగలు, బొబ్బర్లు, ఉలవలు, మినుములు మార్చి మార్చి వాడుకోవచ్చు. కంది ధర పెరిగిన నెలలో పెసర, బొబ్బర్లు ఎక్కువ తెచ్చుకోవచ్చు. ఉలవలు మన పాడి ఇంటికి పాత చుట్టం. పూర్వం నుండి ఉడికించిన ఉలవలు పశువుకు పెట్టి, ఉడికిన నీళ్ళను చారు కాచుకున్నారు. ఇప్పుడు ఉలవచారు పట్నంలో విందులకు ఎక్కింది. శుభ్రమైన పాత్రలో కడిగి ఉడికిస్తే ఒకే ఉడుకుతో రెండు పనులూ అవుతాయి.

మూడవ నిర్ణయం: సంత సంచిలో ఏది ముందు, ఏది వెనుక

వారం వంట సంత రోజుతో మొదలవుతుంది. సంచిలో ఏది త్వరగా వాడిపోతుందో అది ముందు వండాలి. తోటకూర, పాలకూర, గోంగూర, మెంతికూర మొదటి రెండు రోజులకు. బెండ, బీర, వంకాయ, టమాటా మధ్య రోజులకు. సొరకాయ, దోసకాయ, గుమ్మడికాయ, కంద, చేమ వారం చివరకు. పెరట్లో మునగ చెట్టు, కరివేపాకు, ఒక నిమ్మ చెట్టు ఉంటే సంతతో పని లేకుండా ఏ రోజైనా ఆదుకుంటాయి. పాడి ఇంటికి పేడ ఎరువు కొదువ లేదు గనుక పెరటి మడికి ఏ కొరతా ఉండదు.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పాలు మంచి ఆహారమే గాని అందులో ఇనుము చాలా తక్కువ. రోజూ పాలు తాగినంత మాత్రాన రక్తం పట్టదు. ఇనుము కొరకు పప్పులు, ఆకుకూరలు, సజ్జలు, నువ్వులు, తినేవారికి గుడ్లు, మాంసం, చేప కావాలి. కూరాకులలోని ఇనుము ఒంటికి పట్టాలంటే పుల్లటి పండు తోడు కావాలి. పొయ్యి మీద నుండి దించిన తరువాత పప్పులో నిమ్మకాయ పిండండి. మరుగుతుండగా పిండితే అందులోని సి విటమిన్ పోతుంది. జామకాయ, ఉసిరికాయ కూడా ఈ పనికే వస్తాయి. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఈ శ్రమ వృథా అవుతుంది. భోజనానికి గంట ముందు, గంట తరువాత టీ, కాఫీలు మానమని పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనలలో కూడా చెప్పింది.

ఒక వారం నమూనా

మీ ఊరి సంత ఆదివారం అనుకుని ఒక వారం చెబుతున్నాం. దీనిని యథాతథంగా పాటించనక్కరలేదు. రాయలసీమ వారు అన్నానికి బదులు సంకటి, తెలంగాణ వారు జొన్నరొట్టె, అంబలి ఎక్కువగా పెట్టుకోవచ్చు.

ఆదివారం: పిల్లలు ఇంట్లో ఉంటారు. ఉదయం, శనివారం రాత్రి రుబ్బి ఉంచిన పిండితో ఇడ్లీ, పల్లీల పచ్చడి. మధ్యాహ్నం తినేవారికి కోడికూర లేదా చేపల పులుసు. తిననివారికి నానబెట్టిన శనగలు వేసిన వంకాయ కూర. రాత్రి అన్నం, చారు, పెరుగు.

సోమవారం: ఉదయం అదే పిండితో దోసె. మధ్యాహ్నం తోటకూర పప్పు, నిమ్మకాయ, మజ్జిగ. రాత్రి, మధ్యాహ్నమే తీసి ఉంచిన ఉడికిన పప్పుతో పప్పుచారు, పెరుగు.

మంగళవారం: ఉదయం పెరుగు కలిపిన చద్దన్నం, ఉల్లిపాయ, వేయించిన పల్లీలు. మధ్యాహ్నం గోంగూర పప్పు, బెండకాయ వేపుడు, మజ్జిగ. రాత్రి జొన్నరొట్టె, మునగాకు వేసిన పెసరపప్పు.

బుధవారం: ఉదయం కూరముక్కలు వేసిన ఉప్మా, పిల్లలకు పాలు. మధ్యాహ్నం టమాటా, కోడిగుడ్ల పులుసు. గుడ్డు తిననివారికి బొబ్బర్ల కూర. రాత్రి రాగి సంకటి, పల్లీల పచ్చడి, పెరుగు.

గురువారం: ఉదయం మజ్జిగ కలిపిన రాగి జావ. మధ్యాహ్నం బీరకాయ, పెసరపప్పు కూర, చారు. రాత్రి వంకాయ కూర, పెరుగు. పడుకోబోయే ముందు పెసలు నానవేయాలి.

శుక్రవారం: ఉదయం పెసరట్టు, అల్లం పచ్చడి. మధ్యాహ్నం సొరకాయ, మునక్కాడలు వేసిన సాంబారు. రాత్రి కందిపొడి, నెయ్యి, పెరుగన్నం. ఈ రాత్రి పొయ్యి పని తక్కువ. ఇల్లాలికి కొంచెం విశ్రాంతి.

శనివారం: ఉదయం పెరుగులో నానిన అటుకులు. మధ్యాహ్నం ఉలవచారు, దోసకాయ కూర. రాత్రి, వారంలో పులిసిన మజ్జిగతో గుమ్మడికాయ మజ్జిగపులుసు. సాయంత్రం పాలు పోసి వచ్చాక ఇడ్లీ పిండి రుబ్బుకోవాలి.

ఈ వారంలో పప్పు గాని, గుడ్డు గాని, మాంసం గాని లేని రోజు లేదు. ఆకుకూర మూడుసార్లు వచ్చింది, చిరుధాన్యం మూడుసార్లు వచ్చింది. రోజులో కనీసం ఒక పూట పెరుగో, మజ్జిగో ఉన్నది. 100 గ్రాముల రాగులలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది గాని, మన అవ్వలు ఏ సంవత్సరమూ రాగిని మరచిపోలేదు.

ప్రభుత్వ బడికి వెళ్ళే పిల్లలకు మధ్యాహ్న భోజనం అక్కడే దొరుకుతున్నది. గుడ్డు ఏ రోజున పెడతారో పిల్లలను అడిగి తెలుసుకుని, మిగిలిన రోజులలో ఇంట్లో వండండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు అంగన్‌వాడీలో ఇచ్చే ఆహారాన్ని తప్పక తీసుకోవాలి. అది అక్కడ ఇస్తున్నారు కదా అని ఇంట్లో వారి వాటా తగ్గించకూడదు.

ఒకసారి శ్రమ, రెండు పూటల వంట

నమూనా చూస్తే మీకు ఒక కిటుకు కనబడి ఉంటుంది. ఒక్క రుబ్బుతో రెండు ఉదయాలు గడిచాయి. ఒక్క ఉడుకు పప్పుతో మధ్యాహ్నం పప్పు, రాత్రి పప్పుచారు వచ్చాయి. కందిపొడి, కరివేపాకు పొడి నెలకొకసారి కొట్టి సీసాలో పోసుకుంటే పొద్దుపోయిన రాత్రి ఆదుకుంటాయి. చింతపండు ఉదయమే నానవేయడం, మరునాటి కూర సాయంత్రమే తరిగి తడిగుడ్డ కప్పి ఉంచడం, పల్లీలు ఒకేసారి వేయించి డబ్బాలో పెట్టడం – ఇవి చిన్న పనులే గాని, పాలు పితికే వేళకు పొయ్యి దగ్గర నుండి మనలను విడిపిస్తాయి.

ఎండాకాలంలో ఉడికిన పప్పు, కూర పొద్దున్నుండి రాత్రివరకు ఊరకే ఉంచితే పాడవుతాయి. ఫ్రిజ్ లేని ఇళ్ళలో తీసి ఉంచిన పప్పును మళ్ళీ బాగా మరిగించి వాడాలి. వాసన మారితే దాక్షిణ్యం చూపక పారవేయాలి. అన్నం గంజి వార్చి కుడితిలో పోయడం మనకు అలవాటు. గంజిలో కొన్ని విటమిన్లు పోతాయి. అత్తెసరు పెట్టి వండుకుంటే అవి మన కంచంలోనే ఉంటాయి; గేదె కుడితికి బియ్యం కడుగు నీళ్ళు, తవుడు ఉన్నాయి కదా.

ఎవరి వాటా ఎంత

ఇంత వండిన తరువాత కూడా ఒక లోపం మిగిలిపోవచ్చు. అందరూ తిన్న తరువాత, గిన్నె అడుగున ఉన్నదానితో ఇల్లాలు తింటుంది. కూర అయిపోతే పచ్చడి. పెరుగు అయిపోతే నీళ్ళ మజ్జిగ. పశువు చాకిరీ, పొలం చాకిరీ చేసే మనిషికి ఇంట్లో అందరికంటె తక్కువ తిండి అందుతున్నది. మొదట చెప్పిన రక్తహీనత లెక్కలు ఊరకే రాలేదు.

దీనికి ఉపన్యాసాలు పనిచేయవు. ఒక చిన్న ఏర్పాటు పనిచేస్తుంది. కూర దించగానే ఇంట్లో ఎంతమంది ఉన్నారో అన్ని వాటాలు లెక్కవేసి, వండిన మనిషి వాటా ఒక గిన్నెలో తీసి మూత పెట్టండి. గుడ్లు మనిషికొకటి చొప్పున ఉడికించండి. మగపిల్లవాడికి ఒకటి, ఆడపిల్లకు సగం అనే మాట వద్దు. వీలైన పూట అందరూ కలిసి కూర్చుని తినండి. కలిసి కూర్చుంటే ఎవరి కంచంలో ఏమి లేదో అందరికీ కనబడుతుంది.

అన్నదమ్ములారా, వంట సంగతి ఆడవారిది అని మీరు లేచి వెళ్ళవద్దు. సంత సంచి మీ చేతిలో ఉంటుంది. పాల డబ్బు చాలా ఇళ్ళలో మీ ఖాతాలో పడుతున్నది. పాలు పితికే చేతికి ఆ డబ్బు ఎంత వచ్చిందో తెలియాలి; పప్పు డబ్బాకు ఎంత తీయాలో ఇద్దరూ కలిసి చెప్పుకోవాలి. ఇల్లాలి పేరున సభ్యత్వం, ఖాతా ఉంటే మరీ మంచిది. సాయంత్రం క్యాను మీరు తీసుకువెళితే ఇంట్లో ఒక అరగంట మిగులుతుంది. ఆ అరగంటలోనే మరునాటి పప్పు నానుతుంది.

వట్టిపోయిన కాలానికి ముందుచూపు

పాడి ఇంట్లో పాలు ఏడాది పొడుగునా ఒకే తీరుగా ఉండవు. శీతాకాలంలో గేదెలు ఎక్కువగా ఈని పాలు పొంగుతాయి. ఎండలు ముదిరితే తగ్గుతాయి. ఈనడానికి ముందు రెండు నెలలు చూడి పశువును పితకకుండా వదలాలి. ఒకే పశువు ఉన్న ఇంట్లో ఆ రెండు నెలలు పిల్లలకు పెరుగు చుక్క ఉండదు.

అందువలన ఈ కాలాన్ని కూడా ముందే లెక్కలో పెట్టుకోండి. పాలు పొంగిన నెలలలో కొంత నెయ్యి కాచి నిలువ ఉంచండి. పశువు వట్టిపోయే నెల తెలుసు గనుక, ఆ రెండు నెలలకు రోజుకు అర లీటరు చొప్పున పాలు కొనడానికి ముందు బిల్లులలో నుండి కొంత సొమ్ము విడిగా తీయండి. స్థానికంగా పాలు అమ్మే సంఘాలలో కొనుక్కోవచ్చు; లేకపోతే పక్క ఇంటి సభ్యురాలితో చేబదులు మాట్లాడుకోవచ్చు – ఈ రెండు నెలలు ఆమె మనకు, ఆమె గేదె వట్టిపోయినప్పుడు మనం ఆమెకు. పాలు తక్కువైన వారాలలో రాగి జావ, నువ్వుల ఉండలు, పల్లీలు, గుడ్లు ఒక మెట్టు పెంచండి.

పాలక వర్గాలకు కూడా ఒక మనవి. సర్వసభ్య సమావేశంలో దాణా, ధర, బోనసు మాట్లాడుతున్నాం. మన ఊరి సభ్యుల ఇళ్ళలో రోజుకు ఎన్ని పాలు ఉంచుకుంటున్నారు అనే ప్రశ్న కూడా ఒకసారి వేయండి. సంఘానికి పోసే పాలు కొంచెం తగ్గుతాయేమో అని భయపడవద్దు. బలంగా ఉన్న ఇల్లే పదేళ్ళపాటు పాడిని నడపగలదు. ఆసుపత్రి ఖర్చుకు గేదెను అమ్ముకున్న ఇంటి నుండి ఒక్క లీటరు కూడా రాదు.

వచ్చే బిల్లు రోజు నుండి ఒక్క నెల పట్టి చూడండి. ఏడు వరుసలు వ్రాసి గోడకు అంటించండి. ఇంటి పాలు కొలిచే గిన్నె ఒకటి వేరుగా పెట్టండి. నాలుగు వారాలలో ఏ రోజు వంట కుదిరింది, ఏ రోజు కుదరలేదు, ఏ కూర పిల్లలు వదిలేశారు అన్నది గుర్తుపెట్టుకుని మార్చుకోండి. రెండవ నెలకు ఆ కాగితం మీ ఇంటికి సరిపడేదిగా తయారవుతుంది. వచ్చే తరగతికి ఆ కాగితాలు తీసుకురండి. ఒకరి వారం ఒకరికి చూపించుకుందాం. ఒక ఇంట్లో కుదిరిన కిటుకు పది ఇళ్ళకు పనికివస్తుంది. సహకారం అంటే అదే కదా.